హాండెల్ వినాలంటే ముందు ఏది? వాటర్ మ్యూజిక్కా, మెసాయానా, ఒపెరా పాటలా?

బరోక్ కాలం (సుమారు 1600 నుంచి 1750 దాకా) స్వరకర్తల్లో ఎవరో ఒకరిని పట్టుకుని పాశ్చాత్య సంగీతం వినడం మొదలుపెడదాం అనుకునేవాళ్ళకి నేను బాఖ్ కంటే ముందు హాండెల్ పేరు చెబుతాను. ఇద్దరూ 1685లో, సుమారు నెల తేడాతో, జర్మనీలోనే పుట్టారు. బాఖ్ జీవితం చాలావరకు చర్చి కొలువుల్లో, ఆస్థానాల్లో గడిచిపోయింది. హాండెల్ అలా కాదు, టికెట్ కొనుక్కుని వచ్చిన జనం ముందు నిలబడి నెగ్గాల్సి వచ్చింది. మొదటిసారి వినగానే పాట మనసుకి పట్టకపోతే మర్నాడు హాలు ఖాళీ. ఆ భయం పెట్టుకుని రాసిన సంగీతం కాబట్టి కొత్తవాళ్ళకి తొందరగా అందుతుంది.

చిక్కల్లా ఎక్కడ మొదలుపెట్టాలన్నదే. ఒక్క ఒపెరాలే (పాటలతో నడిచే నాటకాలు) 42 రాశాడాయన. వాటిమీద ఆరటోరియోలు (వేషాలు లేకుండా కచేరీలా పాడేవి, ఎక్కువగా బైబిల్ విషయాలు), రాజుగారి ఉత్సవాలకి రాసినవి, ఆర్గన్ కచేరీలు, కీబోర్డ్ ముక్కలు. ఏ యాప్‌లోనో పేరు కొట్టి, పైన కనిపించినదాన్ని విని, అది ఎక్కకపోతే "ఇది మనకి కాదులే" అని వదిలేసేవాళ్ళే ఎక్కువ. నా లెక్క ముందే చెప్పేస్తాను. పాటకి అలవాటు పడ్డ చెవులు మనవి. వాద్యబృందంతో కాదు, గొంతుతో మొదలుపెట్టండి. వాటర్ మ్యూజిక్‌తో మొదలుపెట్టమని చాలామంది చెబుతారు గానీ, నేను ఒప్పుకోను.

ముందు మనిషి గురించి కొంచెం

హాలె అనే ఊళ్ళో మంగలి వైద్యుడి కొడుకు. ఆ రోజుల్లో క్షవరం చేసేవాళ్ళే కోతలు, కట్లు కూడా చూసేవారు. కొడుకు లా చదవాలని తండ్రి పట్టు. కొడుకు మాత్రం 18 ఏళ్ళకే హాంబర్గ్ ఒపెరాలో వయొలిన్ వాయించే పనికి చేరిపోయాడు. 1704లో అక్కడే, ఒక ప్రదర్శన మధ్యలో హార్ప్సికార్డ్ (పియానోకి ముందున్న కీబోర్డ్ వాద్యం) దగ్గర ఎవరు కూర్చోవాలన్న గొడవలో స్నేహితుడు మాథెసన్‌తో కత్తులు దూసేదాకా వెళ్ళింది. మాథెసన్ కత్తి హాండెల్ కోటు గుండీకి తగిలి విరిగింది కాబట్టి సరిపోయింది. తర్వాత ఇద్దరూ మళ్ళీ కలిసిపోయారు కూడా.

1706 నుంచి ఇటలీలో ఉండి పాట రాయడం నేర్చుకున్నాడు. 1711లో లండన్‌లో రినాల్డో ఒపెరాతో పేరు మోగిపోయింది. 1727లో బ్రిటిష్ పౌరుడయ్యాడు. ఇటాలియన్ ఒపెరా మోజు లండన్‌లో ఎంత వేగంగా పెరిగిందో అంత వేగంగా తగ్గింది. 1728లో బెగ్గర్స్ ఒపెరా అనే ఇంగ్లీష్ వెటకారపు నాటకం జనాన్ని లాక్కుపోయింది. 1733లో ఆయనకి పోటీగా ఇంకో ఒపెరా కంపెనీ పెట్టారు. ఊళ్ళో ఒక్క కంపెనీ నడవడమే కష్టమైన రోజుల్లో రెండు! 1737లో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, కోలుకున్నాడు. 1741తో ఒపెరాలు ఆపేసి పూర్తిగా ఇంగ్లీష్ ఆరటోరియోలకి మళ్ళాడు. వేషాలు, తెరలు అక్కర్లేదు, మాటలు జనానికి అర్థమయ్యే భాషలో, ఖర్చు తక్కువ.

ఇదంతా ఎందుకంటే, మీ ముందున్న ఎంపికలు కూడా ఈ మూడు దారులవే. టికెట్ జనం కోసం రాసిన ఇటాలియన్ ఒపెరాలు, రాజుగారి సంబరాల కోసం రాసిన ఆరుబయట సంగీతం, మలి వయసు ఆరటోరియోలు.

వాటర్ మ్యూజిక్కా, ఫైర్‌వర్క్సా

1717 జులై 17 సాయంత్రం మొదటి జార్జ్ రాజు థేమ్స్ నది మీద వైట్‌హాల్ నుంచి చెల్సీ దాకా పడవలో విహారానికి వెళ్ళాడు. పక్కనే ఇంకో పడవలో దాదాపు 50 మంది వాద్యకారులు. రాజుగారికి ఎంత నచ్చిందంటే మొత్తం మూడుసార్లు వాయించమన్నాడు. అదే వాటర్ మ్యూజిక్. నది మీద గాలికి వినపడాలి కాబట్టి కొమ్ము వాద్యాలు, ట్రంపెట్లు ముందుంటాయి. ముక్కలు చిన్నవి, ఎక్కువ భాగం రెండు మూడు నిమిషాల నాట్యాలు.

ఇక్కడే నా అభ్యంతరం. పడవలో కబుర్లు చెప్పుకుంటూ వినడానికి రాసినదాన్ని గదిలో కూర్చుని గంటసేపు వింటే ఒకదాన్నుంచి ఒకటి విడిగా గుర్తుండదు. కాసేపటికి హోటల్ లాబీలో వినిపించే సంగీతంలా వెనక్కి వెళ్ళిపోతుంది. తప్పు సంగీతానిది కాదు, మనం వినే పద్ధతిది. కారులోనో, పిల్లలతోనో వినాలంటే మాత్రం ఇంతకంటే మంచిది లేదు. ట్రంపెట్లు ఉన్న డి మేజర్ సూట్ (నాట్యాల వరస) పెట్టండి. అందులో హార్న్‌పైప్ అనే నాట్యం రెండుసార్లు వింటే చాలు, పిల్లలే మూడోసారి అడుగుతారు.

ఈ రెండిట్లో ఒకటే వింటాను అంటే ఫైర్‌వర్క్స్ మ్యూజిక్ తీసుకోండి. మొత్తం కలిపి 20 నిమిషాలకి అటూ ఇటూ. 1749 ఏప్రిల్ 27న లండన్ గ్రీన్ పార్కులో యుద్ధం ముగిసిన సందర్భంగా బాణసంచా కాల్చారు, దానికి రాసింది. రెండో జార్జ్ రాజుకి తీగ వాద్యాలు ఇష్టం లేదు, యుద్ధ వాద్యాలే ఉండాలన్నాడు. హాండెల్ కాస్త గొణిగి చివరికి 24 ఓబోలు, 12 బసూన్లు (రెండూ ఊదే కర్ర వాద్యాలు), 9 ట్రంపెట్లు, 9 కొమ్ములు, డ్రమ్ములతో రాశాడు. తర్వాత హాల్లో వాయించేటప్పుడు వయొలిన్లు కలిపాడు. ఆ రాత్రి బాణసంచాకి కట్టిన మంటపంలో ఒక పక్క అంటుకుని తగలబడింది, సంగీతం మాత్రం బతికింది.

అందుకే రికార్డింగుల్లో రెండు రకాలు దొరుకుతాయి. వయొలిన్లతో ఉన్నది మెత్తగా, పద్ధతిగా ఉంటుంది. ఊదే వాద్యాలే ఉన్నది కాస్త మోటు, కానీ అసలు సందడి అందులోనే ఉంది. 1959లో వాద్యబృందం నడిపే చార్లెస్ మాకెరస్ ఆ పాత లెక్క ప్రకారం రికార్డ్ చేశాడు. అంతమంది ఓబో వాద్యకారులు ఒకేచోట దొరకాలంటే లండన్‌లో వాళ్ళ కచేరీలన్నీ అయిపోవాలి, అందుకని అర్ధరాత్రి రికార్డింగ్ పెట్టుకున్నారు. నా ఓటు దానికే. ఒక్క మాట: ఫోన్ స్పీకర్లో వినకండి. కింది స్వరాలు పలికే బసూన్లన్నీ మాయమైపోయి పైన గోల ఒక్కటే మిగులుతుంది.

ఒపెరా పాటలు: ఇక్కడే మొదలుపెట్టండి

మొత్తం ఒపెరా కాదు సుమా. జూలియో చేసరే (జూలియస్ సీజర్) అనే ఒపెరా మొత్తం వేస్తే మూడున్నర గంటల పైమాటే. ఎత్తుకోగానే దానికి కూర్చుంటే రెండో అంకం చూడరు. విడి పాటలు తీసుకోండి.

వాటి కట్టడం మనకి కొత్తేమీ కాదు. పాటలో రెండు భాగాలు. మొదటిది అయ్యాక రెండోది వేరే భావంతో, ఒక్కోసారి వేరే వేగంతో వస్తుంది. అదయ్యాక మొదటి భాగం మళ్ళీ మొదటి నుంచీ. తిరిగి వచ్చినప్పుడు గాయకులు ఉన్నదున్నట్టు పాడరు, సొంతంగా గమకాలు, మలుపులు వేస్తారు. పల్లవికి తిరిగొచ్చిన ప్రతిసారీ ఇంకో సంగతి వేసే కచేరీ అలవాటున్న వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. రికార్డింగ్ మంచిదో కాదో తేల్చుకోవడానికి నేను చూసేదీ అదే. మొదటి భాగం తిరిగొచ్చినప్పుడు ఏమీ మారకుండా అచ్చుగుద్దినట్టు పాడితే ఆ రికార్డింగ్ పక్కన పెట్టేయండి. మరీ ఎక్కువ అల్లి అసలు ట్యూన్ కనపడకుండా చేసినా అంతే.

ముందు నాలుగు పాటలు చెబుతాను. రినాల్డోలోని "లాషా కియో పియాంగా", సెర్సేలోని "ఓంబ్రా మాయ్ ఫు", జూలియో చేసరేలోని "పియాంజెరో", "వాదోరో పుపిల్లే".

"ఓంబ్రా మాయ్ ఫు" మూడు నిమిషాల పాట. పర్షియా చక్రవర్తి ఒక చెట్టు కింద నిలబడి ఆ చెట్టు నీడని పొగుడుతూ పాడతాడు. అంతే విషయం. చెట్టుకి ప్రేమపాట అన్నమాట. 1738లో ఆ ఒపెరా 5 ప్రదర్శనలతో ఆగిపోయింది. పాట మాత్రం పెళ్ళిళ్ళలో, అంత్యక్రియల్లో వాయించే సంగీతంగా లోకమంతా తిరిగింది. తేలిగ్గా ఎక్కాలంటే ఇది. "లాషా కియో పియాంగా" ఇంకా తేలిక, బందీ అయిన అమ్మాయి తన గతికి ఏడవనివ్వమని అడుగుతుంది. ఈ ట్యూన్‌ని హాండెల్ అంతకుముందే హాంబర్గ్‌లో నాట్యానికి ఒకసారి, రోమ్‌లో వేరే మాటలకి ఒకసారి వాడేశాడు. మంచి ట్యూన్ చేతిలో ఉంటే ఊరుకునే రకం కాదు ఆయన.

కానీ ఒకే ఒక్కటి చెప్పమంటే "పియాంజెరో". క్లియోపాత్రాని సొంత తమ్ముడే ఓడించి బంధించాడు. సీజర్ చచ్చిపోయాడని ఆమె అనుకుంటోంది. మొదటి భాగం నెమ్మదిగా నడుస్తుంది. ఊపిరి ఉన్నంతవరకు నా రాతకి ఏడుస్తాను అంటుంది. విచిత్రమేమిటంటే ఇది మేజర్ స్కేల్‌లో ఉంటుంది, ఏడుపుగొట్టు స్వరాలు కావు. కింద బేస్ ఒక్కో మెట్టూ దిగుతూ ఉంటే పైన గొంతు నిబ్బరంగా నిలబడుతుంది. రెండో భాగంలో ఉన్నట్టుండి వేగం. చచ్చాక దయ్యమై పగలూ రాత్రీ ఆ దుర్మార్గుడిని పీడిస్తాను అని గొంతు పరుగులు తీస్తుంది. అదీ ఎంతో సేపు ఉండదు. ఆ కోపం ఠక్కున ఆగి, మళ్ళీ అదే నెమ్మది, అదే "ఏడుస్తాను". మాటలు అవే, ట్యూన్ అదే, కానీ మధ్యలో ఆ కోపం విన్నాం కాబట్టి ఈసారి వేరేగా వినపడుతుంది. మొదటి భాగాన్ని తిప్పి పాడించే ఈ పద్ధతి ఎందుకు పెట్టుకున్నారో ఈ ఒక్క పాట చెప్పేస్తుంది.

భాష రాదే అంటారా? అప్పటి లండన్ జనంలో కూడా చాలామందికి ఇటాలియన్ రాదు. ఇటాలియన్, ఇంగ్లీష్ రెండూ పక్కపక్కన అచ్చేసిన పుస్తకం కొనుక్కుని హాల్లో చూసుకుంటూ వినేవారు. మీరూ పాటకి ముందు అర్థం ఒకసారి చదివేసుకోండి. నాలుగు పాటలూ కలిపినా కొద్ది లైన్లే.

ఇక గొంతు ఎవరిది అన్న ఎంపిక. సీజర్ లాంటి వీరుల పాత్రలు ఆ రోజుల్లో కాస్ట్రాటోలు పాడేవారు. గొంతు మారకుండా చిన్నప్పుడే శస్త్రచికిత్స చేసిన మగవాళ్ళు వాళ్ళు. 1724లో సీజర్‌గా పాడిన సెనెసీనో అలాంటివాడే. ఇప్పుడు ఆ పాత్రలకి రెండు దారులు: హెచ్చు స్థాయిలో పాడే కౌంటర్‌టెనర్ మగవాళ్ళు, లేదా మెజో (ఆడవాళ్ళలో మధ్యస్థాయి) గొంతున్న ఆడవాళ్ళు. కౌంటర్‌టెనర్ గొంతు కొత్తలో మనవాళ్ళకి విచిత్రంగా ఉంటుంది. అందుకని ముందు ఆడవాళ్ళు పాడినవే వినండి. మగ పాత్ర ఆడవాళ్ళు వేయడమేమిటి అనిపిస్తే, స్థానం నరసింహారావు గారి సత్యభామ కోసం మన తాతలు బళ్ళు కట్టుకుని వెళ్ళారని గుర్తు చేసుకోండి. రంగస్థలం మీద ఆ లెక్కలు వేరు.

జూలియో చేసరే మొత్తం ఆడియోలో కావాలంటే రెనే జాకబ్స్ 1991 రికార్డింగ్ బాగుంటుంది, సీజర్‌గా జెన్నిఫర్ లార్మోర్. చూడాలనుకుంటే మాత్రం 2005లో ఇంగ్లండ్‌లోని గ్లైండ్‌బోర్న్‌లో వేసినది. సీజర్‌గా సారా కానొలీ, క్లియోపాత్రాగా శ్రీలంక మూలాలున్న డానియెల్ డి నీస్. ఈజిప్టు కథని బ్రిటిష్ సామ్రాజ్యం రోజుల వేషాల్లోకి తెచ్చారు, మధ్యలో క్లియోపాత్రా అచ్చం హిందీ సినిమా స్టెప్పులే వేస్తుంది. శుద్ధంగా ఉండాలనేవాళ్ళకి నచ్చకపోవచ్చు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇంతకంటే మంచి తలుపు లేదు.

మెసాయా: మొత్తమా, కొంతేనా? ఎవరిది?

ఆరటోరియోల్లో అందరికీ తెలిసినది మెసాయా. 1741 ఆగస్టు 22న మొదలుపెట్టి సెప్టెంబర్ 14కి పూర్తి చేశాడు, 24 రోజులు. మాటలు కూర్చింది చార్లెస్ జెనెన్స్, అన్నీ బైబిల్, ప్రార్థన పుస్తకాల నుంచే. 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో మొదటి కచేరీ. జనం ఎక్కువ పట్టాలని ఆడవాళ్ళని లంగాల కింద పెట్టుకునే వెడల్పాటి హూప్స్ లేకుండా, మగవాళ్ళని కత్తులు లేకుండా రమ్మని ముందే ప్రకటన ఇచ్చారు. 700 మంది దాకా వచ్చారు. వచ్చిన డబ్బు అప్పులు కట్టలేక జైల్లో ఉన్నవాళ్ళకి, రెండు ఆస్పత్రులకి వెళ్ళింది.

మెసాయాలో పాత్రలు లేవు, సంభాషణ లేదు, కథ నేరుగా నడవదు. రెండుంబావు గంటల పైన ఉంటుంది. హల్లెలూయా కోరస్ కోసం చూస్తూ కూర్చుంటే అది రెండో భాగం చివర్లో గానీ రాదు. అందుకని మొదటి భాగం ఒక్కటే, గంట లోపు, ఒక సాయంత్రం వినండి. ఇంట్లో తెలుగు బైబిల్ ఉంటే యెషయా 40, 9 అధ్యాయాలు తెరిచి పెట్టుకోండి. చర్చిలో చిన్నప్పటి నుంచీ విన్న "మనకు శిశువు పుట్టెను" అన్న వాక్యం దగ్గర కోరస్ ఎలా అందుకుంటుందో చూడండి. గొంతులు ఒకదాని వెనక ఒకటి ఆడుకుంటున్నట్టు వచ్చి, చివరికి అందరూ కలిసి బిరుదులు చదువుతున్నట్టు ఒక్కసారి లేస్తారు. ఆ ఆడుకునే ట్యూన్ మొదట భక్తి పాట కాదు. అదే ఏడాది జులైలో, ప్రేమని నమ్మనంటూ ఇద్దరు పాడే ఇటాలియన్ పాటకి రాసుకున్నదే ఇది.

ఏ రికార్డింగ్ అన్నదే అసలు తలనొప్పి. డబ్లిన్‌లో పాడిన బృందం చిన్నది, రెండు కెథడ్రల్స్ నుంచి వచ్చిన మగవాళ్ళు, అబ్బాయిలు. హాండెల్ పోయాక బృందాలు పెరుగుతూ పోయి, 1784లో వెస్ట్‌మినిస్టర్ అబీలో 500 మందికి పైగా చేరారు. తర్వాతి శతాబ్దంలో వేలల్లోకి వెళ్ళింది. అంటే పెద్ద మెసాయా, చిన్న మెసాయా అని రెండు సంప్రదాయాలు.

పెద్దదానికి థామస్ బీచమ్ 1959 రికార్డింగ్ చూడండి. హాండెల్ రాయని వాద్యాలన్నీ ఉంటాయి, హల్లెలూయాలో తాళాలు కూడా మోగుతాయి. పండితులు ముక్కు చిట్లిస్తారు, వినడానికి మాత్రం పండగే. అయితే మొదటిసారి వినేవాళ్ళకి ఇది వద్దు, మాటలు ఆ మోతలో కలిసిపోతాయి.

చిన్నవాటిలో మూడు చెబుతాను. క్రిస్టఫర్ హాగ్‌వుడ్ 1980లో చేసినది లండన్‌లోని అనాథ పిల్లల ఆశ్రమం కోసం 1754లో హాండెల్ వాయించిన రూపం. కోరస్‌లో పై గొంతులు అబ్బాయిలవి, సోలోల్లో ఎమ్మా కర్క్‌బీ. ఆమె గొంతు ఊగదు, స్వరం మీద సూటిగా నిలబడుతుంది. ఒపెరా గొంతుల్లో ఆ వణుకు పడక పాశ్చాత్య గాత్రానికే దూరంగా ఉండేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు, వాళ్ళు కళ్ళు మూసుకుని ఇది తీసుకోవచ్చు. ట్రెవర్ పిన్నాక్ 1988ది చిన్న బృందమే అయినా నిండుగా ఉంటుంది, సోలో గాయకులు అందరూ గట్టివాళ్ళే. మొత్తం మెసాయా ఒక్కటే పెట్టుకుంటాను అంటే పిన్నాక్. 2006లో స్కాట్లండ్‌కి చెందిన డనెడిన్ కన్సర్ట్ చేసినది డబ్లిన్ రూపం, గొంతులు ఇంకా తక్కువ. అది రెండో మూడో మెసాయాగా బాగుంటుంది.

ఇవి పక్కపక్కన వింటే శ్రుతి తేడా కూడా తెలుస్తుంది. పాత వాద్యాలతో చేసినవి సాధారణంగా 415 హెర్ట్జ్ లెక్కన ఉంటాయి, ఇప్పటి వాద్యబృందాలు 440. అంటే దాదాపు అర మెట్టు తక్కువ. కీబోర్డ్ మీద పెట్టి వాయించబోతే కుదరదు, యాప్ చెడిపోయిందని టెన్షన్ పడకండి.

హల్లెలూయాకి రాజు లేచి నిలబడ్డాడు కాబట్టి అందరూ లేవాలనే కథకి అప్పటి సాక్ష్యం ఏదీ లేదు. లేస్తే లేవండి, కూర్చుంటే కూర్చోండి.

మిగిలినవి త్వరగా

ఫుట్‌బాల్ చూసేవాళ్ళు "జేడాక్ ద ప్రీస్ట్" వినండి. 1727లో రెండో జార్జ్ పట్టాభిషేకానికి రాసింది, ఛాంపియన్స్ లీగ్ పాట దీన్నుంచే 1992లో అల్లారు. కోరస్ వచ్చేముందు తీగలు నిమిషంన్నర దాకా ఊరిస్తాయి, అక్కడ ముందుకి జరపకండి. గట్టి కోరస్ కావాలంటే 22 ఏళ్ళ వయసులో రోమ్‌లో రాసిన "దీక్సిత్ దోమినుస్" అనే లాటిన్ కీర్తన. కీబోర్డ్ నేర్చుకునే పిల్లలుంటే డి మైనర్ సారబాండ్ (నెమ్మదిగా సాగే పాతకాలపు నాట్యం) ఇవ్వండి, తక్కువ స్వరాల్లో పెద్ద పాట వాయించామన్న తృప్తి వాళ్ళకి వెంటనే దొరుకుతుంది. ఆర్గన్ కచేరీలు తర్వాత చూసుకోవచ్చు, తొందరేమీ లేదు.

బయట దేశాల్లో ఉన్నవాళ్ళకి ఇంకో ఎంపిక ఉంది. లండన్‌లో ఉంటే బ్రూక్ స్ట్రీట్‌లో 25వ నంబర్ ఇంటికి వెళ్ళండి, 1723 నుంచి 1759లో పోయేదాకా హాండెల్ ఉన్న ఇల్లు అదే. పక్క ఇంట్లోనే 1968, 69ల్లో గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ ఉన్నాడు, ఇప్పుడు రెండూ కలిపి మ్యూజియం. అమెరికాలో అయితే డిసెంబర్‌లో చాలా ఊళ్ళలో మెసాయా రెండు రకాలుగా జరుగుతుంది: టికెట్ కొని వినే కచేరీ ఒకటి, వచ్చినవాళ్ళందరూ కలిసి పాడేది ఒకటి. మొదటిసారికి నేను రెండోదే వెళ్ళమంటాను. చాలాచోట్ల మొదటి భాగం, చివర్లో హల్లెలూయా మాత్రమే పాడతారు కాబట్టి గంటన్నరలో అయిపోతుంది. స్కోరు (స్వరాలు అచ్చేసిన పుస్తకం) అక్కడే ఇస్తారో, మనమే తెచ్చుకోవాలో ముందు కనుక్కోండి. తెచ్చుకోవాలంటే ఏ ప్రచురణో కూడా అడగండి, నొవెల్లోది ఒకరి చేతిలో, బేరెన్‌రైటర్‌ది ఇంకొకరి చేతిలో ఉంటే పేజీ నంబర్లు కలవక అవస్థ. పాడటం రాకపోయినా సరే, ఆల్టో (కోరస్‌లో ఆడవాళ్ళ కింది గొంతు) వాళ్ళ పక్కన స్కోరు పట్టుకుని కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు.